వాసాచ్ కొండల కింద చైనీస్ బడి

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగికి మాండరిన్ నేర్పడానికి 88 వారాలు పెట్టుకుంటుంది. ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ లెక్కలో అది 2,200 తరగతి గంటల చదువు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు ఒక పట్టాన కొరుకుడుపడవంటూ ఆ సంస్థ విడిగా తీసిపెట్టిన కొద్ది భాషల్లో అరబిక్, జపనీస్, కొరియన్‌లతో పాటు చైనీస్ కూడా ఉంది. అదే దేశంలో, యూటా రాష్ట్రంలో వాసాచ్ కొండల కింద ఉన్న ప్రోవో పట్నంలో, అప్పుడే హైస్కూలు దాటిన కుర్రాళ్లకు, అమ్మాయిలకు తొమ్మిదంటే తొమ్మిది వారాలు మాండరిన్ చెప్పి తైవాన్ విమానం ఎక్కించేవారు. అక్కడ దిగీ దిగగానే వాళ్లు ముక్కూ మొహం తెలియని మనుషులతో దేవుడి గురించి, చావు గురించి, కుటుంబం గురించి ఆ భాషలోనే మాట్లాడాలి.

ఈ బడి పేరు మిషనరీ ట్రైనింగ్ సెంటర్. నడిపేది జనం మోర్మన్లని పిలిచే చర్చి. దాని అసలు పేరు చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్‌డే సెయింట్స్. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ దాన్ని స్థాపించాడు. ఈ చర్చి తరఫున ప్రచారానికి వెళ్లే యువతకు జీతం లేదు. ఖర్చు వాళ్లదే, లేదా ఇంటివాళ్లదే. 2020 నుంచి అమెరికా మిషనరీలు నెలకు 500 డాలర్లు కడుతున్నారు. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర పనిచేస్తారు. ఏ దేశం వెళ్లాలో, ఏ భాష నేర్వాలో నిర్ణయించేది వాళ్లు కాదు, చర్చి పెద్దలు. మొన్నటిదాకా చైనా పటంలో ఎక్కడుందో కూడా పట్టించుకోని పిల్లవాడికి ఒక ఉత్తరం వస్తుంది, అతని రెండేళ్ల బతుకు చైనీస్‌లోకి మళ్లిపోతుంది.

ఆ మతం మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, భాష నేర్పే పనిలో వాళ్లు సాధించింది మాత్రం తేలిగ్గా తీసిపారేసేది కాదు. అలాగని అది ముందుచూపుతో వేసిన పథకమూ కాదు. నూరేళ్ల తడబాటు తర్వాత, ఒక వీసా ఆలస్యం పుణ్యాన పుట్టింది.

1852 ఆగస్టు చివరి వారంలో సాల్ట్ లేక్ సిటీలో అప్పటి చర్చి అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ ప్రత్యేక సభ పెట్టి, వందమందికి పైగా పురుషులను ప్రపంచం నలుమూలలకూ ప్రచారానికి నియమించాడు. చైనా వాటాకు వచ్చినవాళ్లలో హోసియా స్టౌట్, జేమ్స్ లూయిస్, చాప్‌మన్ డంకన్ హాంకాంగ్ చేరారు. స్టౌట్ వృత్తిరీత్యా న్యాయవాది. ముగ్గురిలో ఎవరికీ చైనీస్ రాదు. చేతిలో డబ్బు అంతంత మాత్రం. 1853 ఏప్రిల్ 28న ఓడ దిగేనాటికి చైనాలో తైపింగ్ తిరుగుబాటు రగులుతోంది. దానికి నెల ముందే తిరుగుబాటుదారులు నాన్‌జింగ్‌ను పట్టుకున్నారు. లోపలి ప్రాంతాలకు వెళ్లే వీలు లేదు. హాంకాంగ్‌లోనే ఉండి ఇంగ్లీషు తెలిసిన బ్రిటిష్ సైనికులకు, వర్తకులకు బోధించబోతే వినేవాడు లేడు. పైగా వాళ్లను ఎంపిక చేసిన ఆ సభలోనే చర్చి తన బహుభార్యాత్వాన్ని బహిరంగంగా ప్రకటించింది. ఆ ప్రకటన తెచ్చిన అపకీర్తి ఎక్కడికి వెళ్లినా వాళ్లను వెంటాడింది. పగలు ఎండ, రాత్రి ఉక్క, నోట మాట లేని ఊరు. రెండు నెలలు నిండకుండానే, జూన్ 22న తిరుగు ఓడ ఎక్కారు. స్టౌట్ ఇల్లు వదిలి ఉన్న ఆ కాలంలోనే అతని భార్య లూయీసా చనిపోయింది. ఒక్క మనిషినీ మార్చలేని ప్రయాణానికి అతడు కట్టిన మూల్యం అది.

అదే సభ నుంచి బయల్దేరిన రిచర్డ్ బాలంటైన్ 1853లో మద్రాసు చేరాడు. అక్కడా ఇదే కథ. ఇంగ్లీషు వచ్చినవాళ్ల మధ్యే తిరిగాడు, చిన్న పత్రిక అచ్చువేశాడు, ఏడాదికల్లా వెళ్లిపోయాడు. తమిళం, తెలుగు మాట్లాడే జనం దాకా ఆ మాట వెళ్లనే లేదు.

ఇక్కడ ఒక పోలిక చూడాలి. మోర్మన్లకు అర్ధ శతాబ్దం ముందే లండన్ మిషనరీ సొసైటీ ఇద్దరిని విశాఖపట్నం పంపింది. జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ 1805లో అక్కడికి వచ్చి, ప్రచారం మాట అటుంచి ముందు తెలుగు మీద కూర్చున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు క్రైస్తవుడై వాళ్లకు తోడు నిలిచాక సువార్తల అనువాదం ముందుకు సాగింది. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో ఇక్కడే కన్నుమూశారు. అదే సొసైటీ 1807లో రాబర్ట్ మోరిసన్‌ను చైనాకు పంపింది. విదేశీయులకు చైనీస్ నేర్పడం మరణదండన పడే నేరమైన రోజుల్లో అతడు గుట్టుగా చదువుకుని, బైబిలును అనువదించి, పెద్ద నిఘంటువు కూర్చాడు. ఆ తరం మిషనరీలకు భాష జీవితకాలపు పని. మోర్మన్ల పద్ధతి వేరు. వాళ్ల మిషనరీ పండితుడు కాడు, కొంతకాలం ఇల్లు విడిచి వచ్చిన రైతో, వడ్రంగో, ప్లీడరో. అతనికి జీవితకాలం లేదు. అందుకే స్టౌట్ బృందం ఓడిపోయింది. అందుకే, భాషను తొందరగా నేర్పే దారి ఏదో ఒకనాటికి వాళ్లే వెతుక్కోక తప్పలేదు.

ఆ రోజు రావడానికి చాలా కాలం పట్టింది. 1921 జనవరి 9న చర్చి పెద్దలు డేవిడ్ ఓ. మెకే, హ్యూ కానన్ బీజింగ్‌లోని ఫర్బిడెన్ సిటీలో సైప్రస్ చెట్ల తోపులో నిలబడి చైనా కోసం ప్రార్థన చేసి వెళ్లారు. మిషనరీలు మాత్రం రాలేదు. 1949 జులై 14న మరో చర్చి పెద్ద మాథ్యూ కౌలీ హాంకాంగ్‌లో విక్టోరియా శిఖరం మీద మళ్లీ ప్రార్థన చేశాడు. ఈసారి మరుసటి ఏడాది కుర్రాళ్లు వచ్చారు, అక్కడ మాట్లాడే కాంటనీస్ నేర్వడం మొదలుపెట్టారు. ఇంతలో కొరియా యుద్ధం. 1951 ఫిబ్రవరిలో మిషన్ మూటాముల్లె సర్దుకుని శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌కు తరలిపోయింది. ఆ కుర్రాళ్లలో ఒకడైన గ్రాంట్ హీటన్ 1955లో హాంకాంగ్‌కే మిషన్ అధ్యక్షుడిగా తిరిగివచ్చాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. ఆ వయసులో అంత బాధ్యత దక్కడానికి అతనికి కాంటనీస్ తెలిసి ఉండటం ఎంతో కలిసొచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో నలుగురు మిషనరీలు తైపేలో అడుగుపెట్టారు. చేతిలో పాఠ్యపుస్తకం లేదు, తమ పవిత్ర గ్రంథం బుక్ ఆఫ్ మోర్మన్‌కు చైనీస్ అనువాదం లేదు. ఉన్న ఊళ్లోనే మాండరిన్ నేర్చుకుంటూ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ గ్రంథం చైనీస్‌లో రావడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. అనువదించింది హు వేయీ అనే చైనీయుడే.

ఒక మతం కొత్త భాషలో నిలదొక్కుకోవాలంటే చివరికి ఆ భాష సొంతమైనవాడి చేయి పడాల్సిందే. తెలుగు విషయంలో ఇది మరీ స్పష్టం. బాలంటైన్ మద్రాసు విడిచిన నూట ఇరవై నాలుగేళ్లకు, 1978 డిసెంబరులో, ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాదు వచ్చారు. సమోవాలో ఉండగా ఈ చర్చిలో చేరినవాళ్లు వాళ్లు. హైదరాబాదులో వాళ్ల బంధువులు 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బుక్ ఆఫ్ మోర్మన్‌ను తెలుగు చేసే పనికి పూనుకున్నది ఎల్సీ తండ్రి శ్రీనివాసం. అమెరికా కుర్రాడు తెలుగు నేర్చి వచ్చి చేసిన పని కాదిది, బంధుత్వం చేసిన పని. 2012లో భారతదేశంలో ఆ చర్చి తొలి 'స్టేక్', అంటే కొన్ని సంఘాల సమూహం, ఏర్పడింది కూడా హైదరాబాదులోనే.

మళ్లీ యూటాకు వద్దాం. 1925 నుంచి సాల్ట్ లేక్ సిటీలో ఒక మిషన్ హోమ్ ఉండేది. బయల్దేరబోయే వాళ్లను కొద్ది రోజులు అక్కడ ఉంచి మర్యాదలు, బోధనాంశాలు చెప్పి పంపేవారు. భాష సంగతి వెళ్లిన దేశంలో చూసుకోవాలి. తొలి నెలల్లో కొత్తవాడు సీనియర్ పక్కన తలాడిస్తూ నిలబడేవాడు. 1960లో అబ్బాయిల కనీస వయసును ఇరవై నుంచి పంతొమ్మిదికి తగ్గించడంతో పేర్లిచ్చేవాళ్లు పెరిగారు. ఇంతలో మెక్సికో, అర్జెంటీనా వీసాలు ఆలస్యం కాసాగాయి. బట్టలు సర్దుకున్న కుర్రాళ్లు వారాల తరబడి ఖాళీగా కూర్చున్నారు. ఊరికే కూర్చోబెట్టడం దేనికి, స్పానిష్ నేర్పితే పోలా అనుకుని 1961 డిసెంబరులో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో ప్రోవోలో తరగతులు మొదలుపెట్టారు. స్పానిష్ ఆచార్యుడు ఎర్నెస్ట్ విల్కిన్స్ దాని తొలి సారథి. వీసాలు వచ్చి మెక్సికో చేరాక, అలా నేర్చుకుని వచ్చినవాళ్లు నోరు విప్పడం చూసి అక్కడి పెద్దలు ఇలాంటివాళ్లనే ఇంకా పంపమన్నారు. 1963కల్లా అది లాంగ్వేజ్ ట్రైనింగ్ మిషన్ అయింది. పోర్చుగీస్, జర్మన్ చేరాయి, దశాబ్దం ముగిసేలోపు డజనుకు మించి భాషలయ్యాయి. ఆసియా, పాలినేషియా భాషలకు 1969లో హవాయిలోని లాయీలో శాఖ పెట్టారు. చైనీస్ నేర్వాల్సినవాళ్లు అక్కడికి వెళ్లేవారు. 1976లో ప్రోవోలో పెద్ద ప్రాంగణం కట్టారు. ఆ సెప్టెంబరులో చర్చి అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ దాన్ని ప్రతిష్ఠించాడు. 1978లో మిషన్ హోమ్‌ను మూసేసి అందరినీ ఇక్కడికే రప్పించారు. ఇప్పటి పేరు అప్పుడు వచ్చిందే.

ఆ తొలి దశాబ్దాల పద్ధతి తెలుగువాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. అప్పజెప్పడం. 1961లో చర్చి ప్రపంచమంతటికీ ఒకే నమూనాగా ఆరు పాఠాలు రాయించింది. కొత్త మిషనరీ ఆ ఆరింటినీ నేర్చే భాషలో అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేయాలి. నడవాలో తిరుగుతూ, భోజనాల వరుసలో నిలబడి, రాత్రి దీపం ఆర్పేలోపు వల్లించాలి. పక్కవాడికి అప్పజెప్పాలి, తర్వాత పంతులుకు అప్పజెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం భాషలు నేర్పిన తీరు, వాక్యాన్ని నాలుకకు అలవాటయ్యేదాకా పదే పదే పలికించడం, అప్పటికి అమెరికా విశ్వవిద్యాలయాలన్నిటా చెలామణీలో ఉంది. దానికి భక్తి తోడైంది. మార్కుల కోసం చదివే విద్యార్థి ఎక్కడో ఒకచోట అలసిపోతాడు. తన నోట తప్పు దొర్లితే ఎదుటి మనిషి పరలోకం దెబ్బతింటుందని నమ్మే పంతొమ్మిదేళ్లవాడు అంత తొందరగా అలసిపోడు.

చైనీస్ దగ్గర మాత్రం వల్లెవేత ఒక్కటే చాలదు. మాండరిన్‌లో నాలుగు స్వరాలు, కాంటనీస్‌లో ఆరు. మనకైనా ఇంగ్లీషు వాళ్లకైనా గొంతు పైకి లేస్తే ప్రశ్న, కిందికి జారితే కోపమో విసుగో. చైనీస్‌లో ఆ ఎత్తుపల్లాలు మాటలోనే కలిసిపోయి ఉంటాయి. భయంతో, సందేహంతో గొంతు దానంతటదే పైకి లేచే కొత్తవాడికి ఇది నరకం. పాఠం మొత్తం తప్పు లేకుండా ఒప్పజెప్పి, స్వరాలన్నీ తారుమారు చేసినవాడి మాట తైవాన్ ముసలమ్మకు ఒక్క ముక్క అర్థం కాదు. కంఠస్థం చేసిన ప్రసంగానికి ఇంకో చిక్కూ ఉంది. ఎదుటివాళ్లు మధ్యలో ఒక ప్రశ్న వేస్తే చాలు, అంతా తెగిపోతుంది. 1986లో వచ్చిన కొత్త పాఠాలు ఆ పట్టును కొంత సడలించాయి. 2004లో 'ప్రీచ్ మై గాస్పెల్' అనే కరదీపిక వచ్చాక కంఠస్థం పూర్తిగా పక్కకు జరిగి, ఎవరి మాటల్లో వాళ్లు చెప్పే పద్ధతి వచ్చింది.

ఆ తర్వాతి ప్రోవో తరగతి గదిలోకి ఒక్కసారి తొంగిచూడాలి. గదికి పదిమంది లోపే. అబ్బాయిలు తెల్ల చొక్కా, టై, అమ్మాయిలు స్కర్టులు. అందరి గుండె మీదా నల్లని పేరు పలక. చైనీస్ నేర్చేవాళ్లకు దాని మీద చైనీస్ లిపిలో కొత్త పేరుంటుంది, తమ పేరు తామే చదవలేని స్థితిలో దాన్ని తగిలించుకుంటారు. నిద్ర లేచేది ఆరున్నరకు, దీపాలు ఆర్పేది పదిన్నరకు. మధ్యలో మూడేసి గంటల తరగతులు, సొంత చదువు, కాసేపు వ్యాయామం. వారంలో ఒక్కరోజు బట్టలు ఉతుక్కోవడానికి, ఇంటికి రాసుకోవడానికి. ప్రతివాడికీ ఒక జత ఉంటాడు, ఆ జతను వదిలి కదలకూడదు. పంతుళ్లలో ఎక్కువమంది తైవాన్‌లోనో హాంకాంగ్‌లోనో పనిచేసి తిరిగొచ్చి ఇప్పుడు యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. అంటే రెండు మూడేళ్ల కిందట అదే కుర్చీలో కూర్చుని అవే తప్పులు చేసినవాళ్లు. విద్యార్థికి ఇంతకంటే ధైర్యం ఏముంటుంది?

వచ్చిన కొద్ది రోజులకే ఒక మలుపు ఉంటుంది. పంతులే తలుపు అవతల వేరే మనిషిగా కూర్చుంటాడు. కుటుంబ కలతలతో సతమతమయ్యే తైపే గృహస్థుగానో, దేవుణ్ణి నమ్మని విద్యార్థిగానో. ఇద్దరు కొత్త మిషనరీలు తలుపు తట్టి, ఇరవై నిమిషాలు, మాండరిన్‌లో, అతనితో మాట్లాడాలి. వాళ్ల దగ్గర ఉన్నవి వందకు మించని పదాలు. పేరు అడుగుతారు, పిల్లలు ఎందరో అడుగుతారు, ప్రార్థిస్తామంటారు, మాటలు అయిపోతాయి. నిశ్శబ్దం. మర్నాడు మళ్లీ అదే తలుపు. ఇవాళ తడుముకున్న మాట ఈ రాత్రి నేర్చుకోకపోతే రేపు మళ్లీ అక్కడే ఆగుతారు. పాఠ్యప్రణాళిక ఏం చెప్పినా, ఏ మాట ముందు నేర్వాలో నిర్ణయించేది ఆ తలుపే. ఊళ్లో ఉండే చైనీయులు కూడా స్వచ్ఛందంగా వచ్చి కూర్చుని వాళ్లతో మాట్లాడేవారు. తరగతి బయట కూడా ఇంగ్లీషు మానేసి నేర్చే భాషలోనే మాట్లాడాలనే నియమం ఉంది. దాని పొట్టిపేరు ఎస్‌వైఎల్, అంటే 'స్పీక్ యువర్ లాంగ్వేజ్'. భోజనాల బల్ల దగ్గర ఉప్పు అడగడానికి కూడా చేతి సైగలు చేసే తొలి వారాలు అందరికీ తప్పవు.

ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది, దాన్ని దాచకూడదు. 2019 ఫిబ్రవరి వరకు మిషనరీ ఏడాదికి రెండే రెండు సార్లు ఇంటికి ఫోను చేయొచ్చు, క్రిస్మస్‌కు ఒకసారి, మదర్స్ డేకు ఒకసారి. బెంగ, ఒత్తిడి, ఒంటరిగా ఒక్క క్షణం కూడా లేని బతుకు అందరికీ పడవు. మధ్యలో ఇంటికి తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు. అంత బిగువున్న సమాజంలో అలా తిరిగిరావడం చిన్న విషయం కాదు. 2012 అక్టోబరులో అబ్బాయిల వయసును 18కి, అమ్మాయిల వయసును 19కి తగ్గించడంతో జనం వెల్లువలా వచ్చారు. అంతకు ముందు మాండరిన్‌కు పన్నెండు వారాల దాకా ఉన్న శిక్షణ తొమ్మిదికి తగ్గింది ఆ తాకిడిలోనే. 2020లో కోవిడ్ వచ్చాక శిక్షణ అంతా ఇంటి నుంచి తెర మీదికి మారింది. మరుసటి ఏడాది ప్రాంగణం తెరిచాక కూడా కొంత భాగం ఆన్‌లైన్‌లోనే ఉండిపోయింది.

తొమ్మిది వారాల్లో చైనీస్ వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. రాదు. ప్రోవో ఇచ్చేది నోరు తెరిచే ధైర్యం. భాషను ఇచ్చేది తైవాన్. తెల్ల చొక్కా, హెల్మెట్, సైకిలు, ఈ మూడూ కనిపిస్తే తైవాన్‌లో పిల్లలు కూడా ఆ మనిషి ఎవరో చెబుతారు. సిగ్నల్ దగ్గర ఆగిన స్కూటర్ల వాళ్లతో మాట కలుపుతూ, ఉచితంగా ఇంగ్లీషు తరగతులు చెబుతూ, రోజుకు పది గంటలు మాట్లాడుతూ రెండేళ్లు గడిపితే ఎవరికైనా భాష వస్తుంది. కానీ ఎలాంటి భాష? మాట ధారాళం, చదువు పలచన. ప్రోవోలో పాఠాలు చాలాకాలం రోమన్ లిపిలోనే సాగాయి. తలుపు తట్టేవాడికి లిపి అత్యవసరం కాదు. విశ్వాసం, పశ్చాత్తాపం గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగలిగినవాడు వార్తాపత్రిక మొదటి పేజీ దగ్గర ఆగిపోతాడు. తిరిగొచ్చి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చేరినవాళ్లకు మాట్లాడటం నేర్పక్కర్లేదు, లిపి నేర్పాలి. వాళ్ల కోసమే అక్కడి చైనీస్ శాఖ వేరే తరగతులు పెట్టుకుంది. ఏ పనికి నేర్చుకుంటే భాష ఆ పని మేరకే ఒంటబడుతుందనడానికి వీళ్లే సాక్ష్యం. వాళ్ల వేగానికి కారణం ఏదో, వాళ్ల లోటుకు కారణమూ అదే.

అసలు వాళ్లు అంత కష్టపడి నేర్చిన భాష ఎక్కువమంది మాట్లాడే చోటికే వాళ్లకు ప్రవేశం లేదు. చైనా ప్రధాన భూభాగంలో విదేశీ మిషనరీల ప్రచారం నిషిద్ధం. అందుకే తైవాన్, హాంకాంగ్, లేదా అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా నగరాల్లోని చైనీస్ పేటలు. 1853లో స్టౌట్ చూసిన సముద్రతీరాన్ని దాటి వాళ్ల వారసులు ఈనాటికీ లోపలికి వెళ్లలేదు.

అయితే భాష వేరే దారుల్లో వెళ్లింది. తైవాన్‌లో మిషనరీగా పనిచేసిన జాన్ హంట్స్‌మన్ 32 ఏళ్లకే సింగపూర్‌లో అమెరికా రాయబారి అయ్యాడు, తర్వాత యూటా గవర్నరు, 2009 నుంచి 2011 దాకా బీజింగ్‌లో రాయబారి. 2012 జనవరిలో రిపబ్లికన్ అభ్యర్థుల చర్చలో మిట్ రామ్నీకి జవాబు చెబుతూ ఒక వాక్యం మాండరిన్‌లో అనేశాడు. రామ్నీ కూడా మోర్మన్ మిషనరీగా పనిచేసినవాడే, కాకపోతే అతనికి వచ్చింది ఫ్రాన్స్. తైవాన్‌లోనే పనిచేసి వచ్చిన మాట్ సాల్మన్ అరిజోనా నుంచి కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. యూటా నేషనల్ గార్డ్‌లో ఏకంగా భాషా నిపుణులతో నడిచే 300వ మిలిటరీ ఇంటెలిజెన్స్ బ్రిగేడ్ ఉంది. దాని బలంలో పెద్ద పాలు తిరిగొచ్చిన మిషనరీలదే. దైవప్రచారం కోసం నేర్పిన భాష గూఢచర్యానికి పనికిరావడం కొందరు భక్తులకు మింగుడుపడలేదంటే వాళ్లను తప్పుపట్టలేం.

గవర్నరుగా హంట్స్‌మన్ చేసిన పనుల్లో ఎక్కువకాలం నిలిచేది బహుశా 2008లో సంతకం పెట్టిన చట్టం. దానితో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సగం రోజు ఇంగ్లీషు, సగం రోజు ఇంకో భాషలో చదువు చెప్పే పద్ధతి వచ్చింది. 2009 నుంచి చైనీస్ మాధ్యమం తరగతులు మొదలయ్యాయి. చైనీస్ జనాభా పెద్దగా లేని రాష్ట్రంలో తల్లిదండ్రులు క్యూ కట్టారు. తామో, అన్నదమ్ములో, పక్కింటివాళ్లో ఏదో ఒక దూరదేశపు భాష నేర్చి వచ్చిన ఊళ్లలో అది వింతగా కనిపించలేదు. ఈ పిల్లలు వల్లెవేయరు, ఎవరి తలుపూ తట్టరు. లెక్కలు మాండరిన్‌లో చేస్తారు, మొదటి తరగతి నుంచే లిపి దిద్దుతారు. 2020 కొత్త సంవత్సరానికి, ప్రోవో పక్కనే ఉన్న ఓరమ్ పట్నంలోని కాస్కేడ్ ఎలిమెంటరీ స్కూల్ నాలుగో తరగతి పిల్లలు చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌కు చైనీస్‌లో శుభాకాంక్షల కార్డులు రాశారు. ఫిబ్రవరిలో ఆయన నుంచి జవాబు వచ్చింది. అందులో ఆయన మెచ్చుకున్నవాటిలో ఒకటి, పిల్లల చేతిరాతలోని చైనీస్ అక్షరాలు.